ఘనం మీది గీతలు

సాయంత్రం ఐదు గంటలు. ఖనిజాల మ్యూజియంలో క్వార్ట్జ్ పెట్టిన అద్దాల పెట్టె ముందు స్టోర్ కీపర్ మెడ పట్టుకుని కూలబడిపోయాడు. విషపు సూది. డిపార్ట్‌మెంట్‌కి రహస్యంగా సమాచారం చేరవేసే మనిషి. ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

ఆ చావు తన వల్లేనని ఏజెంట్ పాదరసానికి తెలుసు. చీఫ్‌కి తెలియదు.

అంతకు మూడు రోజుల ముందు క్యూరేటరమ్మ అతన్ని పిలిచి క్వార్ట్జ్ లేబుల్ చూపించింది. స్ఫటికాన్ని ఒక అక్షం చుట్టూ తిప్పితే, ఒక్క చుట్టులో అదే రూపు ఎన్నిసార్లు కనిపిస్తుందో ఆ అంకె లేబుల్ మీద రాస్తారట. క్వార్ట్జ్‌కి మూడు. ఎవరో దాన్ని ఐదు చేశారు. ఐదన్నది ఏ స్ఫటికానికీ ఉండదని ఆమె గట్టిగా చెప్పింది. అచ్చుతప్పై ఉంటుందిలెమ్మని అతను కొట్టిపారేశాడు.

అప్పుడతనికి తొందర. బయట కారులో రాళ్ల డీలర్ ఎదురుచూస్తోంది. విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే పాదరసానికి ప్రొసీజర్ గుర్తుండేది కాదు. హత్య జరిగాక, ముఠా మనిషి క్యూరేటరమ్మేనని ఆ డీలరే అతని చెవిన వేసింది. తనని ఎవరూ హెచ్చరించలేదని అతను రిపోర్టు రాశాడు. క్యూరేటరమ్మ సస్పెండయింది.

వారం తిరక్కుండా చీఫ్ పిలిచాడు. క్షిపణుల శాస్త్రవేత్త ఆ మధ్యాహ్నమే మ్యూజియం చూడ్డానికి వస్తున్నాడు. తర్వాతి టార్గెట్ అతనే కావచ్చు. క్యూరేటరమ్మ చేత నిజం కక్కించమని ఆర్డర్.

ఆమె ఇంటి ముందు పాదరసం రెండుసార్లు బెల్ దాకా చెయ్యి ఎత్తి దించేశాడు. తలుపు తీశాక, ఎవరొచ్చారని లోపల్నుంచి భర్త అడిగితే, ఆఫీసు వాళ్లని మాత్రమే చెప్పిందామె. ఆ మాటకి అతను మరింత కుంచించుకుపోయాడు.

"మేడమ్, మీరు నాకు ముందే చెప్పారు. నేనే దాచాను."

"వాడి పిల్లలు నన్ను అత్తా అంటారు," అందామె. "లేబుళ్ల ఫొటోలున్నాయా?"

పొద్దున తీసిన ఫొటోలు ఫోన్‌లో చూపించాడు. ఆమె వేలు పైరైట్ దగ్గర ఆగింది. పైరైట్ ఘనాన్ని చూస్తే ఎవరికైనా నాలుగే అనిపిస్తుందని, కానీ దాని ముఖాల మీద సన్నని గీతలుంటాయని చెప్పింది. పావుచుట్టు తిప్పితే గీతలు అడ్డం తిరుగుతాయి. అరచుట్టు తిప్పితేనే కలుస్తాయి. అంచేత అసలు అంకె రెండు. లేబుల్ మీద నాలుగుంది.

స్టోర్ కీపర్ పోయింది క్వార్ట్జ్ ముందు, ఐదింటికి. రాయి చోటు చెబుతుంది. అంకె గంట చెబుతుంది. గోడ గడియారంలో మూడూ ముప్పై ఐదు.

వాళ్లు గ్యాలరీలోకి పరిగెత్తేసరికి నాలుగుకి రెండు నిమిషాలుంది. పైరైట్ పెట్టె ముందు శాస్త్రవేత్త. పక్కన డీలర్, వివరిస్తూ.

"గొడుగు తెచ్చారా?" అంది డీలర్ పాదరసంతో నవ్వుతూ. అంతా క్షేమమని కోడ్.

క్యూరేటరమ్మ అద్దానికి కళ్లు ఆనించింది. పక్కపక్క ముఖాల మీద గీతలు ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి. ఇక్కడ అన్నీ ఒకే వైపు సాగుతున్నాయి.

"ఇది మా రాయి కాదు. పోతపోశారు."

పాదరసం రివాల్వర్ పిడితో అద్దం పగలగొట్టి, ఘనాన్ని పట్టుకుని పెరటి నీళ్ల తొట్టి వైపు ఉరికాడు. విసిరి నేల మీద పడుకున్న మరుక్షణం నీళ్లు మేడ ఎత్తు లేచాయి.

తిరిగొచ్చేసరికి డీలర్ మణికట్టు క్యూరేటరమ్మ రెండు చేతుల్లో ఉంది. కింద ఒక పెన్ను. దాని మొనలో సూది.

థాంక్స్ చెప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "వాడి పిల్లలకి మీరే చెప్పండి."

చెప్పాడు. గడప అవతలే నిలబడి, మొత్తం చెప్పాడు. పెద్దపిల్ల విని తలుపు వేసేసింది.

మర్నాడు చీఫ్ మెడల్ సంగతి ఎత్తితే, పాత రిపోర్టు అబద్ధమని కొత్తది రాసి బల్ల మీద పెట్టాడు. చీఫ్ రెండుసార్లు చదివాడు. క్యూరేటరమ్మకి ఉద్యోగం తిరిగొచ్చింది. పాదరసాన్ని మూడు నెలలు డ్యూటీ నుంచి తప్పించారు. ఆర్డరులో కారణం రాసే చోట మాత్రం, చక్కని టైపులో, 'విషజ్వరం' అని కొట్టించారు.