నలభై రోజుల మంచం

పొద్దున్నే వంటింట్లో మోన్జియాకు క్షణం తీరిక లేదు. వేయించి నూరిన నువ్వుల్లో వెన్న, తేనె వేసి జ్రీర్ కలుపుతోంది. బాలింతను చూడవచ్చిన అమ్మలక్కలకు ఆ గిన్నె అందకపోతే మహదియా ఊరంతా ఏడాదిపాటు చెప్పుకుంటుంది. కలుపుతూ కలుపుతూనే కూతురి గదిలోకి తొంగిచూస్తోంది. ఒకసారి అలా చూసేసరికి అహ్లెం మంచం దిగుతోంది.

"ఎక్కడికే? పడుకో!"

"నడుం పట్టేసిందమ్మా. ఆస్పత్రిలో లేచి తిరగమన్నారు."

"వాళ్లకేం, చెప్పి చేతులు దులుపుకుంటారు. బాలింత గోరీ నలభై రోజులూ తెరిచే ఉంటుందే! ఏం కావాలన్నా నేను తెస్తానుగా."

ఆపరేషన్ చేసి బిడ్డను తీసిన నాటినుంచీ ఇదే వరస. మోన్జియా మొండితనానికి కారణం లేకపోలేదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఈ ఇంట్లోనే అక్క జకియా పురిటి మంచం మీద ఉండేది. "నిమ్మచెట్టు పూసింది, చూద్దువుగాని రా అక్కా" అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది మోన్జియానే. గడప దాటగానే అక్క ఊపిరందక కూలిపోయింది, మళ్లీ లేవలేదు. మంచం దింపినందుకే పోయిందని అందరూ అన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఇప్పటికీ ఊడిరాలేదు.

దుప్పటి సర్దుతుంటే అహ్లెం ఎడమ పిక్క కనిపించింది. వాచి, ఎర్రబడి, వేడిగా ఉంది.

"రాత్రినుంచీ ఒకటే సలుపమ్మా."

"ఇంతేనా! ఆలివ్ నూనె వెచ్చజేసి గట్టిగా రుద్దితే దిగిపోతుంది."

నూనె గిన్నెతో వచ్చేసరికి అల్లుడు నిజార్ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"రుద్దకండి అత్తయ్యా. ఆస్పత్రికి ఫోన్ చేశాను. కాలు ముట్టుకోకుండా వెంటనే తీసుకురమ్మన్నారు."

"నిన్నగాక మొన్న తండ్రివయ్యావు, నాకు బాలింత సేవ నేర్పుతావా?"

"మీ సేవే దాన్ని మంచానికి కట్టేసింది!"

"లేపితే చస్తుంది నాయనా! మా అక్కను నేనే చంపాను. కూతుర్ని కూడా చంపమంటావా?"

గిన్నె జారి నూనె నేలపాలైంది. నిజార్ భార్యను కారులోకి ఎత్తుకెళ్లాడు. పసివాణ్ణి గుండెకు హత్తుకుని మోన్జియా కూడా ఎక్కింది.

స్కానింగ్ చూసి డాక్టరమ్మ నిట్టూర్చింది. "సిరలో నెత్తురు గడ్డకట్టింది. రుద్ది ఉంటే ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయేదేమో. వేళకు తెచ్చారు. దేశమంతా ఇదే గారాబం తల్లీ! బాలింతల్ని, ఆపరేషనైన వాళ్లని కదలనివ్వరు. ప్రాణం పోతే దిష్టి తగిలిందంటారు. ఇలా ఎన్ని ఇళ్లు ఏడుస్తున్నాయో!"

"మా అక్కకూ ఒక కాలే వాచింది" అంది మోన్జియా. "నేను నడిపించాను. పోయింది."

"చూడని మనిషి గురించి ఒట్టేసి చెప్పలేను. కానీ నాలుగడుగులు వేస్తే గడ్డ పుట్టదమ్మా. కదలకుండా పడుకుంటేనే దానికి వీలు. అప్పుడు నువ్వు పసిపిల్లవి. నీ తప్పేముంది?"

మోన్జియా గోడకు ఆనుకుని బావురుమంది. ఇన్నేళ్లూ అక్కకోసం ఏడ్చే హక్కు కూడా తనకు లేదనుకుంది. మంచం మీదనుంచే అహ్లెం తల్లి చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక సూదిమందుతో పాటు నడక కూడా మొదలైంది. నిమ్మచెట్టు దాకా వెళ్లడం, తిరిగి రావడం.

"నిన్నటిదాకా లేస్తే తిట్టావు, ఇవాళ కూర్చుంటే తిడుతున్నావు!"

"తిట్టడం మానలేదుగా, సంతోషించు. పద, ఇంకొక్కసారి."

జ్రీర్ తినడానికొచ్చిన పక్కింటి మబ్రూకా అది చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో, పడుకోబెట్టు మోన్జియా! బాలింత గోరీ తెరిచే ఉంటుందని ఎరగవూ?"

మోన్జియా కూతురి చెయ్యి వదల్లేదు.

"తెరిచే ఉందమ్మా. అందుకే పడుకోనివ్వడం లేదు."