షోగో రాసుకున్న పలక

"రేపు తెల్లారి అయిదింటికి బస్సు. మనిషికో సంచి. అంతే!" అన్నాడు వెంకటసత్యనారాయణ భార్యతో.

సూర్యావతి తలూపింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి పంతొమ్మిది రోజులైంది. ఊరికి ఫోన్లు లేవు. అమలాపురంలో అమ్మమ్మ దగ్గరున్న కూతురు జ్యోతిలక్ష్మి పదో తరగతి లెక్కల పరీక్ష మళ్ళీ రాయాలి... అమ్మానాన్న బతికున్నారో లేదో తెలియకుండా!

"ఒక్కసారి మేడమ్ దగ్గరికెళ్ళొస్తానండి."

సాల్మియాలో ఆమె వంట చేసే ఇల్లు ఫుమికోది. జపాన్ వాళ్ళు. ఆ దేశంలో పరీక్ష రాసే పిల్లలు తమ కోరికను చెక్కపలక మీద రాసి, చదువుల దేవుడి గుడిలో కట్టి వస్తారు. ఫుమికో కొడుకు షోగోకి ఫిబ్రవరిలో అక్కడ హైస్కూలు ప్రవేశపరీక్ష. పలక రాసుకున్నాడు. వెళ్ళి కట్టడానికి ఆగస్టు నాలుగున ప్రయాణం. సైన్యం రెండున వచ్చింది.

"మమ్మల్ని ఎంబసీకి రమ్మన్నారు సూర్యా... అక్కణ్ణించి బాగ్దాద్ తీసుకెళ్తారట," అంది ఫుమికో, వాళ్ళిద్దరికీ వచ్చిన కాస్త ఇంగ్లీషులో. షోగో బల్ల దగ్గర లెక్కలు చేస్తున్నాడు. తలెత్తలేదు.

ఆమె పలక తెచ్చి సూర్యావతి చేతిలో పెట్టింది.

"నువ్వు వెళ్తున్నావుగా. మీ గుడిలో కట్టు."

"మా వినాయకుడికి మీ రాత వస్తదా మేడమ్?"

"నా ఇంగ్లీషు నీకు అర్థమవట్లేదూ!"

నవ్వబోయి ఇద్దరూ ఆగిపోయారు.

ఇంటి దగ్గర భర్త విసుక్కున్నాడు. "దుప్పట్లే వదిలేత్తుంటే కొయ్యముక్కేంటే!"

సూర్యావతి సంచిలోంచి ఒక చీర తీసేసి పలక పెట్టింది.

బస్రా, బాగ్దాద్, అమ్మాన్ శిబిరం, బొంబాయి. అమలాపురం చేరేసరికి ఇరవై ఆరు రోజులు పట్టింది. జ్యోతిలక్ష్మి పరీక్షకు ఇంకా రెండు రోజులుంది. మర్నాడు ముగ్గురూ వినాయకుడి గుడికి వెళ్ళారు. పూజారి జ్యోతిలక్ష్మి హాల్ టికెట్టు స్వామి పాదాల దగ్గర పెట్టాడు. పలక అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటమ్మా?"

"అదీ హాల్ టికెట్టేనండి..."

"ఎవరి పేరున?"

"షోగో."

"గోత్రం?"

ఫుమికోని అడగాలని సూర్యావతికి ఆ రోజు తట్టలేదు. ఇప్పుడు అడుగుదామంటే, బాగ్దాద్‌లో వాళ్ళని బందీలుగా ఏ భవనంలో పెట్టారో ఎవరికీ తెలియదు.

"పైడిపాల," అన్నాడు వెనక నుంచి వెంకటసత్యనారాయణ.

పూజారి ఆయన వైపు చూశాడు. "అది మీ గోత్రం కదండీ?"

"మా అబ్బాయేనండి. అక్కడ ఉండిపోయాడు."