కుతూహలానికి లాంగ్‌టర్మ్ కోచింగ్

అది 2074 మే నెల. కాకినాడ భానుగుడి దగ్గరున్న ఒక కోచింగ్ సెంటర్లో ఉదయం ఏడు గంటలకి ఆశ్చర్యం క్లాసు నడుస్తోంది.

“కనుబొమ్మలు పైకి,” అన్నారు సారు. అరవై మంది పిల్లలూ ఎత్తారు. “నోరు కొంచెం తెరవాలి. అంత కాదు గవర్రాజూ, పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చావా? ఇప్పుడు అందరూ అనండి, అలా ఎందుకు జరుగుతుంది?”

“అలా ఎందుకు జరుగుతుంది?” అన్నారు అరవై మందీ ఒకే శ్రుతిలో.

గేటు బయట తల్లిదండ్రులు టిఫిన్ క్యారియర్లతో నిలబడి ఉన్నారు. అయస్కాంతాల మీద తేలే బస్సులు వచ్చాయి, ఇంట్లో వంట మరచేతులే చేస్తున్నాయి. గేటు బయట నిలబడే పని మాత్రం ఎవరూ ఏ యంత్రానికీ అప్పగించలేదు.

ఇలాంటి క్లాసు ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఇరవై ఏళ్ళ క్రితం చెవిలో పెట్టుకునే జ్ఞాపకపు గింజ, అంటే మెమరీ చిప్, అందరికీ అందింది. ఆ ఏడాది పదో తరగతి రాసిన పిల్లలందరికీ నూటికి నూరు వచ్చాయి. ఇక పై చదువుల సీటు ఎవరికివ్వాలో తెలియక విద్యాశాఖ తల పట్టుకుంది. అప్పుడు డాక్టర్ నిరుపమ అనే మెదడు శాస్త్రవేత్త ఒక పరికరం కనిపెట్టారు. దాని పేరు కుతూహల మాపకం. జనం టోపీ అంటారు.

మనిషికి ఏదైనా నిజంగా తెలుసుకోవాలనిపించినప్పుడు, ఆ ప్రశ్న మాటగా మారడానికి అర సెకను ముందు మెదడులో ఒక సన్నని విద్యుత్ తరంగం లేస్తుంది. ఆమె దానికి ప్రశ్నతరంగమని పేరు పెట్టారు. జవాబు అప్పజెప్పేవాడికి అది లేవదు. నటించేవాడికీ లేవదు. టోపీ దాన్ని సున్నా నుంచి నూరు దాకా కొలుస్తుంది. పరీక్ష గదిలో ఏ మెదడులో తరంగం ఎక్కువ లేస్తే ఆ మెదడుకే సీటు. సీటు ఎవరికన్న నియమం మొత్తం ఆ ఒక్క వాక్యమే.

కోచింగుకి లొంగని పరీక్ష వచ్చిందని ప్రభుత్వం సోమవారం ప్రకటించింది. గురువారానికి కోచింగ్ బోర్డు లేచింది.

గేటు బయట నిలబడ్డ వాళ్ళలో జాహ్నవి ఒకరు. వాళ్ళ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే, అదీ కామర్సు. ఆమె కూతురు సూరమ్మకి పదిహేనేళ్ళు. పాత పేర్లు మళ్ళీ ఫ్యాషనైన కాలం అది. సూరమ్మ ఏడో ఏట పెద్దలెక్కలు చేసింది, పదో ఏట పత్రికల్లో ఫొటో పడింది. ఇక మిగిలింది సముద్ర విద్యాలయంలో సీటు. ఉప్పాడ తీరానికి నాలుగు కిలోమీటర్ల అవతల నీళ్ళ మీద తేలే ఆ బడిలో చేరితే డిగ్రీ దాకా మళ్ళీ చూసుకోనక్కర్లేదు.

జాహ్నవి కూతురి కోసం సముద్రం పుస్తకాలన్నీ తనే ముందు చదివేది. పిల్లకి తేలికవుతుందని ముఖ్యమైన చోట గీతలు గీసి, ప్రశ్న పుట్టే అవకాశమున్న ప్రతి చోటా పక్కనే జవాబు రాసి ఇచ్చేది.

“అమ్మా, చేపలు...”

“నిద్రపోతాయే, కళ్ళు మూసుకోవంతే. మూడో పేజీలో రాశాను చూడు.”

“సరే,” అనేది సూరమ్మ. అది బుద్ధిగల పిల్ల.

పరీక్షలో ఒక చిక్కుంది. పిల్లల పక్కన తల్లో తండ్రో కూర్చుని ఇంకో టోపీ పెట్టుకోవాలి. పెద్దవాళ్ళ ఆరాటం పిల్లల మెదడులోకి ఎంత పాకిందో చూసి మార్కుల్లోంచి తీసెయ్యడానికి ఆ ఏర్పాటు. అందుకని కోచింగులో ఆదివారాలు పెద్దవాళ్ళకి విడిగా క్లాసు పెట్టారు. పరీక్ష జరిగే గంటసేపూ మనసులో ఏదో ఒక కూరగాయ తప్ప ఇంకేమీ ఉండకూడదు. జాహ్నవి దొండకాయ ఎంచుకుంది. ఎదురింటి ప్రణవి, అంటే గవర్రాజు వాళ్ళమ్మ, బీరకాయ తీసుకుంది.

“దొండకాయేంటి జాహ్నవీ, అది నిలవదు. బీరకాయైతే పొడుగు, ఆలోచన దాని మీదే పాకుతుంది,” అంది ప్రణవి.

“నా దొండకాయ నాకు చాల్లే వదినా.”

పరీక్ష రోజు డాక్టర్ నిరుపమే స్వయంగా టోపీలు పెట్టారు. గోడలో ఉన్న యంత్రం బల్ల మీద ఒక సముద్రపు నత్తను చూపించి, “దీన్ని చూస్తే ఏమనిపిస్తోంది?” అని అడిగింది.

సూరమ్మ కనుబొమ్మలు ఎత్తింది, నోరు తగినంతే తెరిచింది. “అలా ఎందుకు జరుగుతుంది? ఈ జాతిలో గుల్ల కుడివైపు తిరుగుతుంది. లక్షల్లో ఒకటి ఎడమవైపు తిరుగుతుంది. దానికి కారణం జన్యువు.”

జాహ్నవి కళ్ళు మూసుకుని దొండకాయల్ని నిలువుగా చీలుస్తోంది. ఒకటి చీల్చింది, రెండు చీల్చింది. లక్షల్లో ఒకటి. మూడోది సగంలో ఆగిపోయింది. ఆ ఒక్కదానికి ఒంట్లో అవయవాలన్నీ ఎడమవైపే కదా. మరి దానికి జోడీ ఎలా కుదురుతుంది? ఎదురుపడ్డా ఒకదానికొకటి అందవేమో. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదే.

యంత్రం ఖంగుమంది.

“సూరమ్మ, నాలుగు. జాహ్నవి, తొంభై ఏడు. సీటు జాహ్నవికి.”

“దొండకాయ జారిపోయిందండీ,” అంది జాహ్నవి. “ఇంకొక్కసారి పెట్టండి. బీరకాయతో వస్తాను.”

నిరుపమ కాగితాలు చూసి, “నియమంలో వయసు రాయలేదండీ. మెదడనే రాశాం,” అన్నారు. “మీకిది చదవాలని ఎప్పుడూ అనిపించలేదా?”

“అప్పట్లో నన్నెవరడిగారండీ. కామర్సులో ఖాళీ ఉందన్నారు, చేరాను.” ఆమె కూతురి వైపు తిరిగింది. “నీ సీటు నేను తినేశానే సూరమ్మా.”

సూరమ్మ టోపీ తీసి జడ సర్దుకుంది. “నాకు నత్తలంటే అసహ్యం అమ్మా. నువ్వు వెళ్ళు.”

“ముందే చెప్పొచ్చుగా?”

“ఎక్కడ చెప్పనిచ్చావు?”

 

పదిలోపు వచ్చిన పిల్లలకి మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టాలి. అప్పుడు కూడా పదిలోపు వస్తే ఇక ఏ విద్యాలయంలోనూ చోటుండదు. ఆ గడువు రోజున నిరుపమ ముల్లుతో కొలిచే చిన్న చేతిటోపీ తీసుకుని ఉప్పాడ రేవుకి వచ్చారు. సముద్ర విద్యాలయం పడవ వచ్చే గేటు దగ్గర తల్లిదండ్రుల మధ్య సూరమ్మ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. పక్కనే ప్రణవి ఉంది. గవర్రాజుకి తొంభై ఒకటి వచ్చి సీటొచ్చింది. అతనిదీ జాహ్నవిదీ ఒకే బెంచీ.

నిరుపమ అక్కడే సూరమ్మకి టోపీ పెట్టి నక్షత్రాల గురించి అడిగారు. నాలుగు. సంగీతం, ఐదు. వంతెనలు, నాలుగు. నిరుపమ ముఖం వాడిపోయింది. ఇరవై ఏళ్ళలో ఇలాంటి మెదడు ఆమెకి తగల్లేదు.

ఇంతలో పడవ వచ్చింది. జాహ్నవి యూనిఫారంలో సంచీ వేసుకుని దిగింది.

“యూనిట్ టెస్టు మార్కులిచ్చారా?” అంది సూరమ్మ.

“ఇచ్చారే. నూటికి తొంభై ఆరు.”

“మిగతా నాలుగూ ఏవి? నిన్న చెప్పానా లేదా, డయాగ్రం నీటుగా గియ్యమని? ముందు పెరుగన్నం తిను. మరి, గవర్రాజుకెంత?”

సూరమ్మ తల మీదున్న టోపీ ఖంగుమంది. రేవు మీద పిట్టలు లేచిపోయాయి. నిరుపమ ముల్లు వైపు చూశారు. తొంభై తొమ్మిది. తను కనిపెట్టినప్పటి నుంచీ అంత ఎత్తుకి ఏ మెదడులోనూ తరంగం లేవలేదు.

“నటన కాదు, నేర్పింది కాదు,” అన్నారామె మెల్లగా. “పూర్తిగా ఈ పిల్ల సొంత ప్రశ్న.”

“అయితే మా పిల్లకి సీటొచ్చినట్టేనాండీ?” అంది జాహ్నవి చెంగు లేని యూనిఫారంలో చెంగు వెతుక్కుంటూ. “ఏ విద్యాలయంలోనండీ?”

నిరుపమ జవాబు చెప్పబోయి ఆగారు. పడవలోంచి గవర్రాజు తల వంచుకుని దిగుతున్నాడు. చేతిలో కాగితం మడిచి ఉంది. ప్రణవి అప్పటికే గేటు దగ్గరికి పరిగెత్తింది.

“అది తర్వాత చూద్దాం,” అన్నారు నిరుపమ మడమలెత్తి నిలబడి. “ముందు ఆ అబ్బాయికి ఎంతొచ్చిందో కనుక్కోండి.”