మూకుడు పెట్టినోడు

గేటుకు "సకినాల ఆర్డర్లు తీసుకోబడవు" అని అట్ట వేలాడుతుంటే చదువొచ్చిన మనిషి వెనక్కి పోతాడు. ఇంద్రకరణ్ బీటెక్ చదివాడు. కాబట్టి గేటు కొట్టాడు.

వానలో కావ్య వచ్చి గేటు బెత్తెడు తెరిచింది.

"చదువు రాదా?"

"వస్తది మేడం. మాది హవేలిఘనపూర్. మా చెల్లె రిషితకు ఏడో నెల, శ్రీమంతం జేస్తున్నం. సకినాలు మీ ఇంటియే గావాల్నట. వేరేటియి ముట్టదట."

"మేం చేస్తలేం."

"ఎందుకు మేడం?"

"అమ్మ చనిపోయింది."

"సారీ" అన్నాడుగానీ ఆ మాట హెల్మెట్లోనే ఉండిపోయింది. గేటు మూసుకుంది.

చర్చి రోడ్డులో లలితమ్మ సకినాలంటే తెలియని వాళ్లు లేరు. లలితమ్మ పిండి కలిపేది, కూతురు కావ్య చుట్టేది. మొదటి వాయి రుచి చూసి లలితమ్మ తలాడిస్తేనే రెండో వాయి. ఆమె పోయి ఏడాది దాటింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా నూనె మూకుడు పెట్టరు. ఆ తర్వాత కూడా బయటివాళ్లెవరైనా వచ్చి పొయ్యి మీద పెడితేనే అప్పాలూ పిండివంటలూ మొదలవుతాయి. ఆ పని మీదే కావ్య మేనత్త వచ్చింది. మూకుడు కనబడలేదు. అంత పెద్ద ఇనుప మూకుడు ఎలా మాయమైందో ఆమెకు అర్థం కాలేదు. కావ్య కూడా చాలా శ్రద్ధగా ఆశ్చర్యపోయింది.

మర్నాడు ఇంద్రకరణ్ మళ్లీ వచ్చాడు, ఈసారి హెల్మెట్ తీసి. మనిషి బాగానే ఉన్నాడు. కావ్య చూడలేదు. అంటే, ఒక్కసారే చూసింది.

"ఆర్డరు గాదు మేడం. ఇవి బస్టాండు కాడ కొన్న. మీ రుచికి దగ్గరున్నయా, జర చెప్పుండ్రి. దగ్గరుంటే ఇవే పట్కపోత."

కావ్య ఒకటి కొరికింది.

"వాము లేదు. నువ్వులు పాతయి. గిది సకినమా, పీవీసీ పైపా?"

వరండాలో పేపరు చదువుతున్న ఆమె తండ్రి రాంచందర్ తలెత్తాడు. ఆ ఇంట్లో ఒకేసారి ఇన్ని మాటలు వినబడి చాన్నాళ్లయింది.

"తమ్మీ, రేపు గూడ తీస్కరా" అన్నాడు.

తమ్మి తెచ్చాడు. అల్లాదుర్గ్ సకినాలు నూనె తాగాయి, సంగారెడ్డివి పన్ను విరగ్గొట్టేలా ఉన్నాయి. కావ్య ఒక్కోదాన్నీ తీరిగ్గా తిట్టింది. ఒకరోజు "ఇయ్యాల లేటయిండు" అనుకుంది. అలా ఎందుకనుకున్నానా అని గిన్నెల్ని అవసరానికి మించి తోమింది.

చివరికి దుకాణాలు అయిపోయాయి. ఆ రోజు అతను తెచ్చిన సకినం గుండ్రంగానూ లేదు, పలకగానూ లేదు.

"గిది ఏ ఊరిది?"

"మా ఇంటిదే. నేనే చుట్టిన."

బీటెక్ అయినా ఊళ్లో వరికోత మిషన్లు నడిపే చేతులవి. కావ్యకు నవ్వొచ్చింది. గోడ పట్టుకొని మరీ నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో ఆమెకే తెలియలేదు.

ఇంద్రకరణ్ ఊకోమనలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

"రుచి కుదరకుంటే అమ్మ నిజంగ పోయినట్టె" అంది కావ్య, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "కుదిరితే, అమ్మ లేకున్నా నడుస్తదన్నట్టు. రెండిట్ల ఏది గావాల్నో తెల్వక మూకుడు దాచిన."

ఇంద్రకరణ్ హెల్మెట్ పక్కన పెట్టాడు.

"నాకు గూడ తెల్వది. గని తెల్వకుండ ఒక్కరే ఎందుకు కూసునుడు? నేను గూడ కూసుంట."

వాన పడుతూనే ఉంది. పేపరు వెనకనుంచి గొంతు వినబడింది.

"బియ్యం నానబోసి, పొద్దుగాల్నే గిర్ని పట్టించిన. పిండి తయారుంది. మూకుడు పెట్టనీకే బయటి మనిషి గావాలె."

"నేను బయటోన్నే గద అంకుల్!"

రాంచందర్ పేపరు దించాడు. కూతుర్ని చూశాడు, అతణ్ని చూశాడు.

"ఇప్పటికైతే బయటోనివే."

కావ్య చెవులు ఎర్రబడ్డాయి. విసవిసా లోపలికి పోయి, బీరువాలో అమ్మ పట్టుచీరల కింద నుంచి మూకుడు తీసుకొచ్చింది. ఇంద్రకరణ్ దాన్ని పసిపిల్లను పట్టినట్టు పట్టి పొయ్యి మీద పెట్టాడు, నూనె పోశాడు. కావ్య పిండి కలిపి, బట్ట మీద చుట్టలు చుట్టింది. కాసేపు ఆరనిచ్చి నూనెలో వేసింది.

మొదటి వాయిలో ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. తలాడిస్తుందేమోనని మగవాళ్లిద్దరూ చూశారు.

"అమ్మది గాదు" అంది. కళ్లు నిండాయి. ఇంకో ముక్క విరిచింది. నమిలింది. "వాము జర ఎక్కువైంది. నాకు గిట్లనే ఇష్టం. అమ్మ ఎన్నడు ఎయ్యనియ్యలే."

రాంచందర్ ఒక ముక్క తీసుకెళ్లి భార్య ఫొటో ముందు పెట్టాడు.

"నీ బిడ్డ నీ మాట ఇనలే, లలితా" అన్నాడు. మళ్లీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మరి మా చెల్లెకు ఏమని చెప్పాలె?" ఇంద్రకరణ్ మెల్లగా అడిగాడు.

"లలితమ్మయి గావు, కావ్యయి అని చెప్పుండ్రి. నచ్చితే తింటది."

"శ్రీమంతం గూడ అయిపోతది" అన్నాడు. "తర్వాత నాకు ఈ గేటు కొట్టనీకి కారణం ఉండది. ఏం జెయ్యాలె?"

కావ్య రెండో వాయి నూనెలో వేసింది. తలెత్తలేదు.

"మీ అమ్మను తోల్కరండ్రి. పెద్దమనిషి కొడితే మా నాయిన తీస్తడు."