బంతిని చూడకండి

"ఈ సీజన్‌లో ఎన్ని గోల్స్ కొట్టారండి?" అని అడిగింది అలేఖ్య, మైకు అతని గడ్డం దగ్గర పెట్టి.

"ఒక్కటీ కొట్టలేదండి," అన్నాడు ఉదయ్‌కుమార్.

అలేఖ్య కంగారుపడింది. అమలాపురంలో లోకల్ కేబుల్ టీవీకి వార్తలు చదివే ఉద్యోగంలో ఈమధ్యనే చేరింది. యానాం అబ్బాయి ఒకతను కలకత్తాలో పెద్ద క్లబ్బుకి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, సెలవులకి ఇంటికొచ్చాడు, ఇంటర్వ్యూ చేసుకురమ్మని ఆఫీసులో పంపారు. ఫుట్‌బాల్ గురించి ఆమెకి తెలిసిందల్లా గోల్ కొట్టినవాళ్ళు గెలుస్తారని. ఆ ప్రశ్న కాస్తా అయిపోయింది.

"పోనీ, పోయిన సీజన్‌లో?"

"అప్పుడూ లేదండి."

"మరి అక్కడ మీరేం చేస్తుంటారండి?"

కెమెరా పట్టుకున్న గంగరాజు పక్కకి తిరిగి దగ్గాడు. యానాం పని అంటే చాలు, అడక్కుండానే బయల్దేరే మనిషి గంగరాజు. అక్కడ మందు సీసా చవక. ఇవాళ అతనికి సీసా లేకుండానే వినోదం దొరికింది.

ఉదయ్‌కి మాత్రం కోపం రాలేదు. కాస్త ఆలోచించి, "గోల్ కొట్టేవాళ్ళకి బంతి అందేలా చూస్తుంటానండి. నేను మిడ్‌ఫీల్డర్‌ని," అన్నాడు.

"అంటే, హెల్పరా?"

"ఆయ్, అలాగే అనుకోండి," అని నవ్వేశాడు.

నవ్వితే ఎడం బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. దాన్ని చూస్తూ అలేఖ్య తర్వాత అడగాల్సింది మర్చిపోయింది.

ఆ ఇంటర్వ్యూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేశారు. మర్నాటికల్లా యానాం రేవులో, ఎదుర్లంక టీ బడ్డీల దగ్గర, అమలాపురం బస్‌స్టాండులో ఉదయ్ పేరు 'హెల్పర్' అయిపోయింది. ఆ వారంలోనే ఖాళీ చేపల గంప చంకన పెట్టుకుని ఒకావిడ కేబుల్ ఆఫీసు మెట్లెక్కింది.

"మావోణ్ణి హెల్పరన్న అమ్మాయివి నువ్వేనా?"

అలేఖ్య లేచి నిలబడింది. "మీరు..."

"లోవమ్మనంటారు నన్ను. ఉదయ్ వాళ్ళమ్మని."

"కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదమ్మా. ఆ ఆటేంటో నాకూ తెలీదు. అయితే సెలవులకొచ్చినప్పుడు వాడి కాళ్ళకి కాపడం పెట్టేది నేనే. ఏ పనీ చెయ్యనోడి కాళ్ళు అలా వాచిపోవు. ఆదివారం మా ఊరి గ్రౌండులో మ్యాచుంది. వచ్చి చూడు. చూశాక కూడా హెల్పరే అనిపిస్తే, అలాగే పిలువు."

గొంతు పెంచకుండానే చెప్పి దిగి వెళ్ళిపోయింది. ఆ పూట వార్తలు చదువుతూ అలేఖ్య మూడుచోట్ల తడబడింది.

ఆదివారం గంగరాజుతో కలిసి ఎదుర్లంకలో గోదావరి దాటించే పంటు ఎక్కింది. యానాంకి వంతెన ఇంకా కడుతున్న రోజులవి. పంటు మీద సైకిళ్ళూ, మోటారు సైకిళ్ళూ, పాల క్యాన్లూ కిక్కిరిసి ఉన్నాయి. సగం గోదావరి దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. గంగరాజు కెమెరాని తన చొక్కాలో దాచుకున్నాడు. అలేఖ్య తన గొడుగు కెమెరాకిచ్చి తను తడిసింది.

గ్రౌండు దగ్గర ఉదయ్ ఎదురొచ్చాడు. బక్కపల్చటి మనిషి, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. ఆమెని చూసి ఆగిపోయాడు.

"మా అమ్మ మీ ఆఫీసుకొచ్చిందటగా. ఏమైనా అందాండి?"

"అనాల్సిందే అన్నారు. సారీ అండి, నాకు నిజంగా ఆట తెలీదు."

"తెలుసుకోవడం తేలికేనండి. ఇవాళ ఆటంతా బంతిని చూడకండి. నన్ను చూడండి."

అలేఖ్య కళ్ళు పెద్దవయ్యాయి. "అదేంటండీ అలా అంటారు?"

అన్నాక గానీ అతనికి అర్థం కాలేదు, తనేమన్నాడో. చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బే, అలా కాదండి. బంతి వెనకాలే చూస్తే మిడ్‌ఫీల్డర్ చేసే పని కనబడదని..."

"సరే లెండి. పని కోసమే చూస్తాను."

"ఆయ్. పని కోసమేనండి," అని పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె మాట నిలబెట్టుకుంది. జనమంతా బంతితో పాటు తలలు అటూ ఇటూ తిప్పుతుంటే ఆమె అతన్నొక్కణ్ణే చూసింది. మొదట ఏమీ అర్థం కాలేదు. అతనెక్కువ పరుగెత్తడం లేదు. ఊరికే నడుస్తున్నట్టూ, ఏదో పోగొట్టుకున్నట్టూ మాటిమాటికీ భుజం మీంచి వెనక్కి చూస్తున్నాడు. కాసేపటికి తెలిసింది. బంతి తన దగ్గరికి రాకముందే అతను చుట్టూ ఎవరెక్కడున్నారో చూసుకుంటున్నాడు. అది వచ్చేసరికి ఎటు పంపాలో నిర్ణయం అయిపోయి ఉంటోంది. ఒక్క తాకుతో, నెమ్మదిగా, అవతలి జట్టు వదిలేసిన ఖాళీలోకి జారవిడుస్తున్నాడు. తన వాళ్ళెవరైనా తప్పు చేస్తే వాళ్ళకంటే ముందు తనే వెనక్కి పరుగెత్తుతున్నాడు. ఎవరైనా పడిపోతే చెయ్యిచ్చి లేపుతున్నాడు, అవతలివాళ్ళనైనా సరే.

బురదలో అంత గందరగోళం మధ్య అతనొక్కడే తీరిగ్గా ఉన్నట్టున్నాడు. ఇంకొకళ్ళకి గోల్ పడేలా చేసి, వాళ్ళు గంతులేస్తుంటే తను దూరంగా నిలబడి మేజోడు పైకి లాక్కుంటున్నాడు. అలేఖ్య గంగరాజు భుజం తట్టి కెమెరా అటు తిప్పమంది.

మ్యాచ్ అయ్యాక, "ఎలా ఉందండి?" అని వచ్చాడు.

"మీరు ఏం చేస్తారో నాకిప్పుడు తెలిసింది. రేపు టీవీలో కూడా చెప్తాను."

చెప్పింది. ఈసారి ప్రశ్నల్లేవు. అతని ఆట చూపిస్తూ తనే మాట్లాడింది. 'హెల్పర్' అన్నవాళ్ళు మెల్లగా ఆ మాట మానేశారు.

ఆ సెలవుల్లో ఆమెకి యానాంలో పనులు పడుతూనే ఉన్నాయి. పని లేకపోయినా పడ్డాయి. పంటు రేవు దగ్గర నిలబడి అతను తన కథంతా చెప్పాడు. పాండిచ్చేరి జూనియర్స్ క్యాంపులో ఉండగానే తొంభై ఆరు తుఫానొచ్చింది. వేటకెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. ఇంటికొచ్చేసి పడవెక్కుతానన్నాడు ఉదయ్. "నువ్వు గోదాట్లోకి దిగితే ఒట్టే," అని వాళ్ళమ్మ మళ్ళీ క్యాంపుకి పంపింది. ఆ తర్వాత సంతోష్ ట్రోఫీలో పాండిచ్చేరికి ఆడుతుంటే కలకత్తా క్లబ్బు వాళ్ళు చూసి పట్టుకెళ్ళారు.

"భాష రాదు, తిండి పడదు, పక్కవాళ్ళందరూ నాకంటే గట్టివాళ్ళు," అన్నాడు. "అయినా గ్రౌండులోకి దిగితే మాత్రం మా ఊళ్ళో ఉన్నట్టే ఉంటుందండి."

ఒకరోజు లోవమ్మ భోజనానికి పిలిచింది. ముద్దపప్పు, దోసావకాయ, గడ్డ పెరుగు. కొత్త గిన్నెల్లో విడిగా వండింది.

"ఇవన్నీ నాకోసమా అండి?"

"మరి? మాస్టారి కూతురివి, నీసు ముట్టని ఇంటి పిల్లవి. మా గిన్నెల్లో ఎలా తింటావు?" అంది లోవమ్మ. చెయ్యి కడుక్కుంటూ మెల్లగా, "రోజూ అంటే మాత్రం కష్టమేనమ్మా, నీకూ నాకూ," అని కూడా అంది.

 ఆవిడ అన్నం గురించి మాత్రమే మాట్లాడలేదని అలేఖ్యకి తెలుసు.

సెలవులైపోయి ఉదయ్ కలకత్తా వెళ్ళాడు. ఆదివారాలు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేవాడు. ఆట ఎలా జరిగిందో చెప్పేవాడు, ఆమె చదివిన వార్తలు ఏంటో అడిగేవాడు. ఫోన్ పెట్టేసే ముందు ఇద్దరూ, "ఇంకేంటండి?" "ఇంకేం లేదండి," అని నాలుగైదుసార్లు అనుకునేవాళ్ళు.

డిసెంబర్ వెళ్ళాక ఫోన్లు తగ్గాయి. కొత్త కోచ్ వచ్చాడు. ఆయనకి పొడుగ్గా, బలంగా ఉండేవాళ్ళు కావాలి. ఉదయ్‌ని ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టాడు. వచ్చే ఏడాదికి కాంట్రాక్టు ఉంటుందో లేదో తెలీదు. అవేవీ అతను చెప్పలేదు, ఆమె పేపర్లో ఆటల వార్తలు చదివి తెలుసుకుంది.

ఈలోగా అలేఖ్యకి సంబంధం వచ్చింది. మణిశంకర్, రాజమండ్రిలో బ్యాంకు ఆఫీసరు. చూపులకి వస్తామన్నారు. ఆ ఆదివారం ఫోన్ మోగితే ఆమె పరుగెత్తి అందుకుంది, సంగతి చెప్పింది.

అబ్బాయి ఏం చేస్తాడో, ఏ ఊరో అడిగి తెలుసుకున్నాడు ఉదయ్.

"మంచి సంబంధమేనండి," అన్నాడు చివరికి. "ఒప్పుకోండి. నా సంగతి మీకు తెలిసే ఉంటుంది. వచ్చే ఏడాది ఎక్కడుంటానో నాకే తెలీదు. బ్యాంకు ఉద్యోగమంటే స్థిరంగా ఉంటుంది."

"మీకిష్టం లేదా?"

"ఇష్టం కాబట్టే చెప్తున్నానండి."

అలేఖ్యకి ఒళ్ళు మండింది. "చూడండి, మంచి బంతి దొరికితే ఇంకొకళ్ళకి ఇచ్చెయ్యడం మీకు అలవాటు. ఆటలో అది గొప్పే, నేనే టీవీలో చెప్పాను. కానీ నేను బంతిని కాదండి, మీరు మణిశంకర్ గారికి పాస్ చెయ్యడానికి."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే పడక్కుర్చీలో నాన్న. భాస్కరం మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్తారు. చేతిలో పేపరుంది గానీ చాలాసేపటి నుంచి పేజీ తిరగలేదు.

"ఎవరమ్మా?" అన్నారు.

దాచలేదు. అంతా చెప్పింది. వంటింట్లోంచి వచ్చిన తల్లి బాలాత్రిపురసుందరి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"చేపలమ్మేవాళ్ళింటికా? అన్నం ఎలా తింటావే?"

"వాళ్ళమ్మగారూ అదే అడిగారమ్మా."

ఇంట్లో కొన్నాళ్ళు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మణిశంకర్ వాళ్ళకి మాత్రం మాస్టారే మర్యాదగా కబురు పంపి చూపులు ఆపించారు. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ అన్నారు.

"ఆ అబ్బాయి ఆట టీవీలో వస్తుందా?"

"బెంచీ మీదున్నవాళ్ళని చూపించరు నాన్నా."

"అయితే వెళ్ళే చూడాలి. మనిషిని చూడకుండా అవుననడం తప్పు, కాదనడమూ తప్పే. అతనికి మాత్రం చెప్పకు."

మార్చి నెలాఖరులో రాజమండ్రిలో హౌరా రైలెక్కారు ఇద్దరూ.

కలకత్తాలో మ్యాచ్ రోజు ఉదయ్ జట్టుకి గెలుపు తప్పనిసరి. గ్యాలరీ అంతా అరుపులు, బాణసంచా. ఆట మొదలైన కాసేపటికే అవతలివాళ్ళు గోల్ కొట్టారు. మాస్టారు ఆట వైపు చూడటం లేదు. కళ్ళజోడు సర్దుకుని దూరంగా బెంచీ మీదున్న ఉదయ్‌నే చూస్తున్నారు.

సగం ఆట అయ్యాక ఆటగాళ్ళు బయటికొచ్చారు. ఉదయ్ లేచి ఒక పొడుగాటి కుర్రాడికి నీళ్ళ సీసా ఇచ్చి, భుజం మీద చెయ్యేసి, గ్రౌండులో ఒక మూల చూపిస్తూ ఏదో చెప్పాడు. ఆ కుర్రాడు తలూపాడు.

"ఎవరా అబ్బాయి?" అన్నారు మాస్టారు.

"ఈయన స్థానంలో ఆడుతున్నతను, నాన్నా."

"తన చోటు తీసుకున్నవాడికా, అలా దగ్గరుండి చెప్తున్నాడు?" అన్నారు. 

రెండో సగంలో ఆకాశం నల్లబడి గాలివాన విరుచుకుపడింది. మైదానం బురదైంది. బలమైనవాళ్ళ కాళ్ళు దిగబడుతున్నాయి, బంతి ఎటు తన్నినా నీళ్ళలో ఆగిపోతోంది. కోచ్ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఉదయ్ జాకెట్ విప్పాడు.

అలేఖ్య తండ్రి చెయ్యి పట్టుకుంది.

ఉదయ్ గోదావరి బురదలో పెరిగినవాడు. నీళ్ళు నిలవని చోటేదో తెలిసినట్టు, చిన్నచిన్న తాకులతో బంతిని గట్టి నేల మీంచి నడిపించాడు. గాభరాగా తన్నుకుంటున్న జట్టుకి ఊపిరి తీసుకునే తీరిక దొరికింది. అతనిచ్చిన పాస్‌తో స్కోరు సమమైంది. గ్యాలరీ ఊగిపోయింది. గోల్ కొట్టినవాడి మీద అందరూ పడ్డారు. ఉదయ్ మాత్రం తొందరగా రమ్మని చేతులూపుతూ మధ్య గీత దగ్గరికి నడిచాడు.

ఆట ముగియబోతుండగా ఎడమవైపు నుంచి బంతి సూటిగా అతని వైపు వచ్చింది. ఇద్దరు డిఫెండర్లు అతని మీదకి దూకారు. అతను తన్నబోతున్నట్టు కాలెత్తాడు, ఎత్తిన కాలి కిందనుంచి బంతిని పోనిచ్చాడు. అసలు ముట్టుకోనేలేదు. వెనక ఒంటరిగా ఉన్న స్ట్రైకర్ దాన్ని తేలిగ్గా లోపలికి కొట్టాడు.

స్టేడియమంతా స్ట్రైకర్ పేరు అరుస్తోంది. భాస్కరం మాస్టారు ఒక్కరే లేచి నిలబడి, వర్షంలో తడుస్తూ, మధ్యలో ఉన్న ఆ బక్కపల్చటి మనిషి వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

"వెనకెవరున్నారో వాడికెలా తెలుసే?" అన్నారు ఆశ్చర్యంగా.

"ముందే చూసుకున్నారు నాన్నా," అంది. ఆమె మొహం మీద కారుతున్నది వాన ఒక్కటే కాదు.

గేటు బయట ఆటగాళ్ళ కోసం జనం మూగారు. ఉదయ్ బ్యాగు భుజాన వేసుకుని వస్తుంటే కోచ్ దాటిపోతూ వీపు తట్టి, "శనివారం మొదటి నుంచీ నువ్వే," అన్నాడు ఇంగ్లీషులో. తల తిప్పేసరికి ఎదురుగా అలేఖ్య. బ్యాగు జారి కింద పడింది.

"మీరా... ఎప్పుడొచ్చారండి?"

"ఆట మొదలవకముందే."

"నేనాడింది చివర్లోనే కదా."

"బెంచీ మీద కూర్చున్నదీ చూశాం."

అతను తల దించుకున్నాడు. "ఆరోజు ఫోన్‌లో అన్నది మనసులో మాట కాదండి. భయమేసి అన్నాను. ఇప్పుడు అడుగుతున్నా. నాతో ఉంటావా, అలేఖ్యా?"

'అండి' పోయింది. ఇద్దరికీ అది వినబడింది.

"ఉండకపోతే ఇంత దూరం వస్తానా, నువ్వే చెప్పు," అంది.

అప్పుడు చూశాడతను, గొడుగు కింద నిలబడ్డ పెద్దాయన్ని. గబుక్కున చేతులు జోడించాడు. మాస్టారు దగ్గరికొచ్చి అతన్ని కూడా గొడుగు కిందికి లాగారు.

"ఒక్క మాట బాబూ. ఈ ఆట ఎన్నాళ్ళుంటుంది?"

"కాళ్ళు బాగుంటే ఇంకో ఏడెనిమిదేళ్ళండి. బాగోకపోతే చెప్పలేను. ఆ తర్వాత యానాంలో పిల్లలకి నేర్పాలని ఉందండి. అబద్ధం చెప్పి మీ దగ్గర మంచివాణ్ణి అనిపించుకోలేను."

మాస్టారు తలూపారు. "మీ అమ్మగారేమంటారు?"

"భయపడుతోందండి. మా ఇంట్లో అమ్మాయి గారు ఎలా ఇముడుతారోనని."

"మా ఆవిడదీ అదే భయం. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి కాఫీలిద్దాం. ఒకళ్ళ బాధ ఇంకొకళ్ళకి బాగా అర్థమవుతుంది." కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. "అవునుగానీ, మీ సీజన్ ఎప్పుడైపోతుంది?"

"ఏప్రిల్ ఆఖరుకండి."

"మంచిది," అన్నారు మాస్టారు, కళ్ళజోడు పెట్టుకుంటూ. "మే నెలలో ముహూర్తాలు బాగున్నాయి."