ఏడు యాభై రెండుకి తెరుచుకున్న తలుపు

"చదవకుండానే నొక్కేశారా?"

రక్తపరీక్షల ల్యాబులో, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.

"బహుమతి వచ్చిందన్నాడు. నొక్కాను," అందామె, చేతిలోని సిరంజి దించకుండానే. ఎదురుగా చొక్కా చేయి మడిచి కూర్చున్న పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"బహుమతి కాదండీ, వైరస్ వచ్చింది. ఇకమీదట తెరమీదికి అడగని డబ్బా ఏది ఎగిరొచ్చినా క్యాన్సిల్ కొట్టేయండి. చదవనక్కర్లేదు. సరేనా?"

"చిత్తం, సర్వర్‌గారూ." ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే." సూది దిగింది. ఆయనకి నిజంగానే తెలియలేదు. ఆ మాట వినీ వినీ ల్యాబులో అందరూ ఆమెను చీమ అనే పిలుస్తారు.

అతను వచ్చింది కొత్త సర్వర్ పెట్టడానికి. రిపోర్టులన్నీ ఇక అందులోనే. పాస్‌వర్డు ఒక్కటే చాలదు, ప్రతి కంప్యూటర్‌లోనూ అతను ఎక్కించిన సర్టిఫికెట్ ఉండాలి. గుర్తింపు కార్డు లాంటిది. గుమ్మంలో సర్వర్ అడుగుతుంది, కంప్యూటర్ చూపిస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. కుర్చీలోంచి లేచినప్పుడల్లా బ్రౌజర్ మూసేయాలని నియమం కూడా పెట్టాడు. సోమవారం సాయంత్రానికి నాలుగు కంప్యూటర్లలో మూడు పనిచేశాయి.

నాలుగోది చీమది.

"సర్వర్‌గారూ, మీ సర్వర్ నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది," అని ఫోన్ చేసింది. "సర్టిఫికెట్ పంపలేదంటోంది."

"తెరమీద ఇంకేమైనా ఉందా?"

"ఇంకేం లేదు."

అతను వచ్చి కూర్చున్నాడు. తెరుచుకుంది. ఆమె పేషెంటు దగ్గర్నుంచి వచ్చేసరికి వెళ్ళిపోయాడు. బస్టాపు చేరేలోపే మళ్ళీ ఫోను.

మంగళవారం సర్టిఫికెట్ తీసేసి కొత్తది ఎక్కించాడు. కంప్యూటర్ గడియారం సరిచూశాడు. బ్రౌజర్ మార్చాడు. సర్వర్ సెట్టింగులు వరుసగా రెండుసార్లు చదివాడు. అతను కూర్చుంటే తెరుచుకుంటోంది. లేచి వెళ్తే మూసుకుంటోంది. ఏడేళ్ళ అనుభవంలో ఇలాంటి జబ్బు చూడలేదు.

"మొహం చూసి తెరుస్తోందేమో," అన్నాడు విసుగ్గా.

"నా మొహానికేమైంది?"

ఏమైందో చూద్దామని తలెత్తాడు. చూస్తూ ఉండిపోయాడు. "ఏమీ కాలేదు," అన్నాడు చివరికి, అవసరమైనదానికంటే మెల్లగా.

బుధవారం పెద్ద వాన. పేషెంట్లు లేరు. ఆమె వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది.

"ఏదీ, నా ముందు ఒకసారి చేయండి."

చేశాడు. తెరుచుకుంది.

"ఓహో," అందామె.

"ఏమిటి ఓహో?"

"ఏం లేదు. తెరుచుకుందిగా, అందుకని."

గురువారం ఎనిమిదింటికి ఫోను. "మళ్ళీ తెరుచుకోలేదండీ." ఆ గొంతులో బాధ వినబడలేదు. అదీ అతనికి అర్థం కాలేదు. పదకొండింటికి వచ్చి సాయంత్రం దాకా తంటాలు పడ్డాడు.

వెళ్ళబోతుంటే డాక్టరమ్మ లోపలికి పిలిచింది. ల్యాబు ఆవిడదే. చీమకి మేనత్త.

"రేపు మధ్యాహ్నం లోపు తేల్చండి. లేకపోతే ఇంకొకరిని పిలిపిస్తాను. ఇది మా అమ్మాయికి చెప్పకండి, తన కంప్యూటర్ మూలంగానే అని బెంగపడుతుంది."

సన్నటి జల్లులో గొడుగు తెరవడం మరిచిపోయి నడిచాడు. బాగు చేయకపోతే ఇక్కడికి మళ్ళీ రానివ్వరు. బాగు చేస్తే రావడానికి పని ఉండదు. ఇందులో తనకేది కావాలో తేల్చుకోలేక రెండు వీధులు ముందుకెళ్ళి, వెనక్కి వచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే శాంపిల్స్ ఫ్రిజ్ పక్కన కూర్చుని సర్వర్ లాగ్ తెరిచాడు. ఎవరు ఎప్పుడు తలుపు తట్టారో అన్నీ అందులో ఉంటాయి. అతని దృష్టి ఎప్పుడూ తప్పుల వరుసల మీదే. ఈసారి అన్నీ చదివాడు. సర్టిఫికెట్ పంపలేదు. పంపలేదు. పంపలేదు. మధ్యలో ఒక్క వరుస దగ్గర వేలు ఆగింది.

చీమ ట్యూబులకి పేర్లు అంటిస్తోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"నిన్న ఉదయం ఏడు యాభై రెండుకి మీరు లోపలికి వెళ్ళారు."

ఆమె చేయి ఆగిపోయింది. "అది కూడా రాసిపెడుతుందా?"

"అన్నీ రాసిపెడుతుంది. నేను లేకుండానే తెరిచారు. ఎలా?"

"బుధవారం మీ వెనక నిలబడి చూశాను. ఏ సర్టిఫికెట్ చూపించమంటారని ఒక డబ్బా అడుగుతుంది. మీరు చూడకుండానే ఓకే కొట్టేశారు. నేనేమో అప్పటికి మూడు రోజుల్నుంచి క్యాన్సిల్ కొడుతున్నాను. మీరు చెప్పినట్టే, చదవకుండా."

అతను తల పట్టుకున్నాడు. ఆ డబ్బా రోజుకి యాభైసార్లు చూస్తాడు. అందుకే కంటికి ఆనడం మానేసింది.

"సరే. నిన్న తెరుచుకున్నాక మళ్ళీ క్యాన్సిల్ ఎందుకు?"

ఆమె సొరుగులోంచి కాగితాల కట్ట తీసి బల్లమీద పడేసింది. "నిన్నంతా అరవై రిపోర్టులు చేత్తో రాశాను. వేళ్ళు పీకుతున్నాయి. ఎందుకు రాశానో మీరే కనుక్కోండి. ట్రబుల్‌షూటింగ్ మీ పనేగా!"

అతని చెవులు వేడెక్కాయి. నోటికి వచ్చింది మాత్రం వేరే మాట. "మధ్యాహ్నం లోపు తేలకపోతే నన్ను మార్చేస్తామన్నారు మీ అత్తయ్య."

చీమ మొహం పాలిపోయింది. "ముందే చెప్పొద్దూ! ఏం మనిషండీ మీరు!" గబగబా కుర్చీ లాక్కుంది. డబ్బా వచ్చింది. ఓకే కొట్టింది. తలుపు తెరుచుకుంది.

ఇద్దరూ ఆ తెరకేసి దిగులుగా చూశారు.

"అయితే ఇక మీకిక్కడ పనేం లేదు," అందామె.

"పని లేకపోయినా రావచ్చా?"

ఆమె కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"ఈసారి చదివే చెబుతున్నాను. రండి."

"తెరుచుకుందా?" అంటూ డాక్టరమ్మ వచ్చింది.

"తెరుచుకుందండీ."

"తప్పెవరిది?"

"నాదే," అన్నారిద్దరూ ఒకేసారి.

ఆవిడ బల్లమీది కట్ట అందుకుని, కళ్ళజోడు సరిచేసుకుని నాలుగు కాగితాలు తిప్పింది. "నిన్న నీ కంప్యూటర్ పనిచేయలేదన్నావు కదే? పరీక్షల్లో కూడా ఇంత గుండ్రంగా రాయలేదు నువ్వు." మేనకోడలు తల వంచుకుంది. ఆవిడ అతని వైపు తిరిగింది. "ఈ సర్టిఫికెట్ ఎన్నాళ్ళు పనిచేస్తుంది?"

"ఏడాదండీ. తర్వాత నేనొచ్చి మళ్ళీ ఇవ్వాలి."

"ఏడాదికోసారి వస్తానంటే రాసీ రాసీ మా పిల్ల చేతులు పడిపోతాయి. ఇదిగో బాబూ, మీ అమ్మగారి నంబరు రాసిచ్చి వెళ్ళు. నేను మాట్లాడతాను."

ఆవిడ అతన్ని నువ్వనడం అదే మొదటిసారి. అతను తడబడుతూ కలం తీసి, ఖాళీ లేబుల్ మీద రాసి చేతికిచ్చాడు.

చీమ అత్తయ్య భుజం మీంచి తొంగిచూసింది. నాలుగు రోజులుగా ఆమెకు కంఠతా వచ్చిన అంకెలవి.

"ఇది మీ నంబరండీ, సర్వర్‌గారూ," అంది నవ్వు ఆపుకోలేక. "చదవకుండానే ఇచ్చేశారా?"