ఎర్ర క్లిప్పు, పసుపు క్లిప్పు

"దేవుడా, ఈసారి కూడా తప్పు నాదే కావాలి!" అని మనసులో మొక్కుకుంది కోడలు. ఈసీజీ యంత్రంలోంచి వస్తున్న కాగితాన్ని లాగి మళ్ళీ మళ్ళీ చూసుకుంది. మంచం మీద అత్తగారు, ఒంటినిండా తీగలతో, కళ్ళు మూసుకుని పడుకుంది.

తప్పులు చేయడం ఆమెకు కొత్తా? ఆస్పత్రిలో ఈసీజీ పని నేర్చుకుంటున్న ఆమెకు, ఇంట్లో సాధన చేసుకోమని పాత యంత్రం ఒకటి ఇచ్చారు. మొదట దొరికింది మొగుడే! మొన్న ఆయనకు తీస్తే మొదటి గీత తలకిందులుగా వచ్చింది. ఇంకేముంది, లబోదిబోమంటూ ఆయన్ని ఆస్పత్రికి లాక్కుపోయింది. డాక్టరుగారు కాగితం చూసి పకపకా నవ్వారు.

"కుడిచేతికి పెట్టాల్సిన ఎర్ర క్లిప్పు ఎడమచేతికి పెట్టావమ్మా! పసుపుది కుడికి పెట్టావు. మీ ఆయన గుండ్రాయిలా ఉన్నాడు, తీసుకెళ్ళు!"

ఇంటికొచ్చాక అత్తగారు ఊరుకుంటుందా? "కుడీ ఎడమా తెలియని దానికి గుండె సంగతులెందుకో!" అని దులిపేసింది.

అలాంటి మనిషి ఇవాళ పిలిచి మరీ, "నా మీద నేర్చుకోవే, కదలకుండా పడుంటాగా" అంది. కోడలు పొంగిపోయింది, పాపం!

తీరా చూస్తే ఇదీ వరస! మొదటి గీతలో, గుండె కొట్టుకున్నప్పుడల్లా పొడుచుకొచ్చే ముల్లు బుద్ధిగా పైకే లేచింది. అంటే చేతుల క్లిప్పులు మారలేదు. కానీ రెండో గీతలో, మూడో గీతలో, ముల్లు దిగాక కిందికి రావాల్సిన గీత పైనే ఆగిపోయింది! అన్నీ ఊడదీసి, తడిమి చూసుకుంటూ పెట్టి, మళ్ళీ తీసింది. మళ్ళీ అదే గీత... గుండెకు నెత్తురు అందకపోతే ఇలాగే వస్తుందని పాఠంలో చెప్పారు.

"ఏమండీ! త్వరగా రండి! అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి!"

భర్త గుమ్మంలోనే నిలబడి నవ్వాడు. "మళ్ళీ మొదలెట్టావా! ఈసారి ఏ క్లిప్పు మార్చావు?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. నిజంగానే తప్పైతే నలుగురిలో నవ్వులపాలు, ఈ చదువు అంతటితో సరి! తప్పు కాకపోతే... అమ్మో!

"నవ్వండి! ఊరంతా నవ్వనివ్వండి! ఈ యంత్రం తిరిగిచ్చేసి మళ్ళీ ముట్టుకోను! ముందు అత్తయ్యని లేవదీయండి!"

"దాన్నేమీ అనకురా..." అత్తగారి గొంతు పీలగా వినిపించింది. "పొద్దున్నించీ దవడ లాగేస్తోంది. ఒకటే చెమటలు. చెబితే కంగారుపడతారని... దీని చేత తీయిస్తే గుట్టుగా తెలిసిపోతుందనుకున్నా."

"కుడీ ఎడమా తెలియదన్నారుగా అత్తయ్యా!" అంటూ బావురుమంది కోడలు.

"అన్నాను లేవే... భయంగా ఉందే అమ్మాయ్, చెయ్యి వదలకు!"

భర్త నవ్వు ఎటు పోయిందో! తల్లిని రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తాడు.

ఈసారి డాక్టరుగారు నవ్వలేదు. మూసుకుపోయిన రక్తనాళం తెరిచి బయటికొచ్చాక, "ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదమ్మా" అన్నారు.

మర్నాడు ఈసీజీ తీయడానికి నర్సమ్మ వస్తే అత్తగారు చేతులు రెండూ దుప్పట్లో దాచేసుకుంది.

"మా కోడల్ని పిలువమ్మా. ఎర్రదేదో పసుపుదేదో అది చూసుకుంటుంది."

కోడలు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. అత్తగారు దుప్పట్లోంచి ముందు కుడిచేయి చాచింది.